"రోజూ చేస్తాను" అని రాస్తే "ఎప్పటి నుంచి?" అని అడిగారు: తప్పు నాదా, తెలుగుదా?

మాదాపూర్ మైత్రి | సోమవారం, రాత్రి 9:40

జరిగి పది రోజులైనా ఇంకా కడుపులో రగులుతూనే ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్నాను. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా రోజూ పొద్దున్నే సర్వర్లు ఎలా ఉన్నాయో చూసి, ఎనిమిది కొట్టేలోపు అవతలి దేశంలోని క్లయింటుకు రిపోర్టు పంపడం నా పని. ఈ మధ్య అటువైపు మేనేజరు మారాడు. మీరు చేసే పనులన్నీ ఒక పేజీలో రాసి పంపండి అన్నాడు. నేను "ఎవ్రీ మార్నింగ్ ఐ విల్ చెక్ ద సర్వర్స్, ఐ విల్ సెండ్ ద రిపోర్ట్" అంటూ పది వాక్యాలు రాసి పంపాను.

జవాబు మర్యాదగానే వచ్చింది. "చాలా సంతోషం. ఎప్పటి నుంచి మొదలుపెడతారు? ఇంతవరకూ ఈ పని ఎవరు చూసేవారు?" అని అడిగాడు.

మూడేళ్లు తెల్లవారుజామున లేచిన దాన్ని! మా టీం లీడరుది కాన్పూరు. ఆ మెయిలు చూసి నవ్వి, "మీ తెలుగువాళ్లంతా ప్రతిదానికీ ఆ విల్ ఎందుకు తగిలిస్తారు?" అన్నాడు. కోపం వచ్చింది. కానీ పక్క సీట్లలో ఉన్న మనవాళ్ల మెయిళ్లు చూస్తే అందరిదీ ఇదే వరస. నేను ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియమే. మరి ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

సెకండ్ షో | సోమవారం, రాత్రి 9:58

ఇంగ్లీషు మీడియం బడి బోర్డు మీదే ఉంటుంది మైత్రి గారూ. మా బడిలో న్యూటన్ సూత్రాలు ఇంగ్లీషులో రాయించేవారు, అర్థం తెలుగులో చెప్పేవారు, తన్నులు మాత్రం రెండు భాషల్లోనూ ఉండేవి.

అమీర్‌పేట మాస్టారు | సోమవారం, రాత్రి 10:35

పదహారేళ్లుగా అమీర్‌పేటలో మెట్రో స్టేషనుకు కూతవేటు దూరంలో, రెండో అంతస్తు గదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. మైత్రి గారి "విల్" నాకు రోజూ వినబడేదే.

"రోజూ పాలు తాగుతాను", "రేపు డాక్టరు దగ్గరికి వెళ్తాను" అనే రెండు వాక్యాలు చూడండి. మొదటిది అలవాటు, రెండోది ఇంకా జరగనిది. క్రియ తొడుక్కున్న చొక్కా మాత్రం రెండింట్లోనూ ఒకటే. కాలం సంగతి "రోజూ", "రేపు" అనే మాటలు చూసుకుంటాయి. బడిలో "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అన్న వాక్యం చూపించి తద్ధర్మ క్రియ అని చెప్పేవారు, గుర్తుందా? ఎప్పుడూ జరిగేది అని దాని భావం. పాత గ్రాంథికంలో ఎలా ఉన్నా, ఇప్పటి మన మాటలో తద్ధర్మం, భవిష్యత్తు ఒకే రూపంలో కాపురం ఉంటున్నాయి.

ఇంగ్లీషులో వాటికి వేరు కాపురాలు, అలవాటుకు "ఐ డూ", రాబోయేదానికి "ఐ విల్ డూ". మనకేమో చిన్నప్పుడే "చేస్తాను అంటే విల్ డూ" అని నూరిపోశారు. ఇక "రోజూ చేస్తాను"కు కూడా ఆ విల్ వచ్చి అతుక్కుంటుంది.

దీనికి జంట తప్పు ఇంకొకటి ఉంది. "ఐదేళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నాను" అంటాం. ఐదేళ్లయినా, ఐదు నిమిషాలైనా మనకు "చేస్తున్నాను" ఒక్కటే చాలు. అందుకే "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అనేస్తాం. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి వాళ్లు "హ్యావ్ బీన్" అని ప్రత్యేకంగా పెట్టుకున్నారు. మనకు ఆ లోటు ఎన్నడూ తెలియలేదు కనుక దాని అవసరమూ తట్టదు.

మొఘల్‌పురా మామూ | సోమవారం, రాత్రి 11:10

సలాం. మా ఇంట్లో ఉర్దూ, నా చదువు మాత్రం తెలుగులో. కాబట్టి రెండు వైపులా చూసినవాణ్ణి.

మాస్టారు చెప్పిన విల్ తప్పు నేను చేస్తాను. మా అన్నయ్య ఉర్దూ మీడియంలో చదివాడు, ఆయన చేయడు. మాకు "జాతా హూం" వేరు, "జావుంగా" వేరు. రోజూ వెళ్లడానికి ఒకటి, రేపు వెళ్లడానికి ఇంకొకటి. కాన్పూరు ఆయన నవ్వింది అందుకే. ఆయనకు ఆ తేడా అమ్మ పాలతో వచ్చింది.

అలాగని ఆయన మరీ విర్రవీగనక్కరలేదు. మాకు "వో" ఒక్కటే. అతనూ అదే, ఆమె కూడా అదే, చెట్టూ అదే. ఆడా మగా తేడా క్రియలో తెలుస్తుంది. మా అన్నయ్య ఇంగ్లీషులో మా అమ్మ గురించి చెబుతూ మధ్యలో "హి" అనేస్తాడు. తెలుగువాళ్లు అతను, ఆమె వేరుగా అంటారు కాబట్టి అంత సులభంగా జారరు.

మాదాపూర్ మైత్రి | సోమవారం, రాత్రి 11:22

మామూ గారూ, కడుపు చల్లగా ఉండాలి! రేపు మా టీం లీడరు నోట ఎన్ని "హి"లు తప్పుగా వస్తాయో లెక్కపెడతాను.

అయితే మనం కూడా పూర్తిగా బయటపడలేదు. ఫోనులో "తను వస్తానంది", "తను వెళ్లిపోయాడు" అంటాం కదా. ఆ "తను"కు ఆడా మగా లేదు. మా చెల్లి ఇంగ్లీషులో తడబడేది సరిగ్గా అక్కడే.

తార్నాక తాతయ్య | మంగళవారం, ఉదయం 6:15

అందరూ తెలుగు మీద నేరం మోపేలోగా ముసలివాడి మాట ఒకటి వినండి. నేను భాషాశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి.

మీరు చేస్తున్న పనికి వ్యత్యాస విశ్లేషణ (కాంట్రాస్టివ్ అనాలిసిస్) అని పేరు. రెండు భాషలను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట తప్పు పుడుతుందని ముందే చెప్పడం. 1957లో అమెరికాలో రాబర్ట్ లాడో దీన్ని గట్టిగా ప్రతిపాదించాడు. మరుసటి ఏడాదే, 1958లో, మన హైదరాబాదులో ఇంగ్లీషు బోధనకు కేంద్ర సంస్థ మొదలైంది. ఉస్మానియా పక్కన ఉన్న అదే సంస్థ 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మా కాలంలో లాడో మాట వేదవాక్కులా ఉండేది.

పదేళ్లు తిరిగాయో లేదో, 1967లో పిట్ కార్డర్ అనే ఆయన ఆ వేదాన్ని ప్రశ్నించాడు. తప్పు అంటే మాతృభాష చేసిన గాయం అని మాత్రమే అనుకోవద్దు, నేర్చుకునేవాడు తన తలలో కడుతున్న వ్యాకరణానికి అది ఆనవాలు అన్నాడు. ఆ సగం కట్టిన ఇంటికి 1972లో లారీ సెలింకర్ అంతరభాష అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. అది పూర్తిగా తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు, నడుమ ఉన్నది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లలు తరచుగా చేసే తప్పు "డిడ్ నాట్ వెంట్". ఇది తెలుగు వల్లనే అంటారా? తెలుగులో "వెళ్లాను" అంటాం, కాదన్నప్పుడు "వెళ్లలేదు" అంటాం. "వెళ్లానులేదు" అని ఎవరైనా అన్నారా? "లేదు" వచ్చి తగలగానే క్రియ తన కాలాన్ని దానికి అప్పగించి తప్పుకుంటుంది. "డిడ్ నాట్ గో"లో జరిగేదీ అదే! తెలుగు పిల్లవాడికి ఇది అరటిపండు ఒలిచినంత సులువుగా రావాలి. రావడం లేదంటే తెలుగు అడ్డుపడినట్టా, తెలుగును ఎవరూ వాడుకోనట్టా?

"వాడు ఎక్కడున్నాడో తెలియదు" అన్నది ఇంగ్లీషులో చెప్పమంటే "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అంటారు. తెలుగులో ప్రశ్న అడిగినా, ప్రశ్నను వాక్యంలో ఇమిడ్చినా మాటల వరస మారదు. ఆ "ఈజ్" ముందుకు దూకడం మన అలవాటు కాదు. ప్రశ్న అనగానే తిప్పిరాయాలని కష్టపడి నేర్చుకున్నారు, తిప్పకూడని చోట కూడా తిప్పేశారు. ఇంగ్లీషు ఇంట పుట్టిన పసివాడు కూడా మొదట్లో "వెంట్" బదులు "గోడ్" అంటాడు. వాడికి తెలుగు ఎవరు నేర్పారు?

అమీర్‌పేట మాస్టారు | మంగళవారం, ఉదయం 7:50

నమస్కారం గురువు గారూ. "డిడ్ నాట్ వెంట్" సంగతి ఒప్పుకుంటున్నాను, నిజానికి సిగ్గుపడుతున్నాను. "వెళ్లలేదు" అన్న మాటను ఒక్కనాడూ బోర్డు మీద రాసి చూపించలేదు. మొదటి ఎనిమిదేళ్లు మా గదిలో తెలుగు మాట వినబడితే పది రూపాయలు జరిమానా వేసేవాణ్ణి. ఆ డబ్బులతో నెలాఖరున సమోసాలు తెప్పించేవాణ్ణి. అందరూ బోలెడు సమోసాలు తిన్నారు, ఇంగ్లీషు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం మీతో విభేదిస్తాను. "ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్" తెలుగు నుంచే వస్తోందని నా అనుమానం. "నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు" అంటాం. "చేస్తున్నారు" అంటే చేస్తూ ఉన్నారు అనే కదా. చెవికి "ఉన్నారు" తగలగానే చేయి "ఇంగ్" వైపు పోతుంది. పైగా హ్యావ్‌కు సరిపోయే క్రియే మనకు లేదు. డబ్బు నా దగ్గర ఉంటుంది, అక్కలు నాకు ఉంటారు, జ్వరం నాకు వస్తుంది. మనం దేనికీ యజమానులం కాము.

తార్నాక తాతయ్య | మంగళవారం, ఉదయం 8:20

చివరి మాట బాగుంది నాయనా. కానీ మరి "ఐ యామ్ నోయింగ్ హిమ్" సంగతో? "తెలుసు"కు "తున్నాను" అతకదు. "తెలుస్తోంది" అంటే అర్థమే మారిపోతుంది. ఆ తప్పు తెలుగులోంచి రాలేదు, అయినా మనవాళ్లు చేస్తారు, ఉత్తరాది వాళ్లూ చేస్తారు. ఇంగ్లీషు పాఠంలో మొదటి నెలంతా "రాము ఈజ్ ఈటింగ్, సీత ఈజ్ సింగింగ్" అని బొమ్మలు చూపించి చెప్పడం వల్ల ఆ "ఇంగ్" నోట పాతుకుపోయిందని నా లెక్క. బొమ్మల్లో తినడం చూపించవచ్చు గానీ తెలియడం ఎలా చూపిస్తారు?

కొత్తపేట కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 2:05

పెద్దలు శాస్త్రం మాట్లాడుతున్నారు, నేను ఇంటి సంగతి చెబుతాను. మా మరిది దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు మా మామగారికి పరగడుపున రక్తపరీక్ష చేయించాల్సి వచ్చింది. అక్కడి అమ్మాయి "హ్యావంట్ యు ఈటెన్?" అని అడిగింది. ఆయన నిండు నిజాయితీతో "యెస్" అన్నారు. అవును తల్లీ, తినలేదు అని ఆయన ఉద్దేశం. ఆ అమ్మాయి తిన్నారని రాసుకుని మర్నాడు రమ్మని పంపేసింది. మామగారు ఆకలితో ఇంటికి వచ్చి, "నిజం చెబితే నమ్మని దేశం" అని ఇప్పటికీ తిడుతుంటారు.

ఇంకొకటి. బడిలో మా పాప టీచరు "ఫాదర్ రాలేదా?" అని ఇంగ్లీషులో అడిగితే, "దే ఆర్ నాట్ ఇన్ టౌన్" అన్నాను. మావారు ఊళ్లో లేరు, అంతే. ఆ టీచరు కొత్తగా వచ్చినావిడ, తెలుగు రాదు. "దే అంటే ఎవరెవరు?" అని అడిగింది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మావారిని ఏకవచనంలో అనడానికి నాకు నోరు రాదు, అది ఇంగ్లీషైనా సరే. ఆయనేమో ఫోనులో ఎవరికో "అవర్ వైఫ్" అంటుంటే నా చెవులతో విన్నాను.

సెకండ్ షో | మంగళవారం, మధ్యాహ్నం 2:31

అక్కా, అవర్ వైఫ్ దగ్గర నా సమోసా కింద పడింది.

అమీర్‌పేట మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:15

కోడలు గారి మూడు మాటల్లో మూడు పాఠాలున్నాయి. మన "అవును" ఎదుటివాడి మాటకు జవాబు, "నువ్వన్నది నిజమే" అని. ఇంగ్లీషు "యెస్" జరిగిన సంగతికి జవాబు. తిన్నావా అన్నా, తినలేదా అన్నా, తింటే యెస్, తినకపోతే నో. "వారు" అన్నది గౌరవం కోసం పెట్టిన బహువచనం. "మా ఆవిడ"లోని "మా" మీతో పంచుకోని మాది, మీరు చేరితే "మన" అవుతుంది. ఇంగ్లీషు "అవర్"కు ఈ తేడా తెలియదు, అందరినీ చేర్చేసుకుంటుంది. ప్రమాదం అక్కడే.

వ్యాకరణ వైరి | మంగళవారం, రాత్రి 8:44

ఉదయం నుంచి చదువుతున్నాను, ఒళ్లు మండుతోంది. ఎవరి ఇంగ్లీషుకు ఎవరు కొలత? కోట్లమంది మాట్లాడే మన ఇంగ్లీషు ఒక రకం ఇంగ్లీషు ఎందుకు కాకూడదు? "ప్రీపోన్" మనం వాడుకలోకి తెచ్చిన మాటే, ఇప్పుడు వాళ్ల నిఘంటువుల్లోనే ఉంది. "హియర్ ఓన్లీ" అంటే తప్పేమిటి? "ఇక్కడే" లోని ఆ "ఏ" బరువు వాళ్ల దగ్గర లేదు, మనం ఇచ్చాం. "మెట్రోలో అమీర్‌పేట నుంచి మియాపూర్ ఎన్నో స్టేషను?" అన్న చిన్న ప్రశ్నను ఇంగ్లీషులో ఒక్క మాటతో అడగమనండి చూద్దాం. "ఎన్నో" అనే మాటే లేని భాష ముందు మనం తల దించుకోవాలా?

మాదాపూర్ మైత్రి | మంగళవారం, రాత్రి 9:15

వైరి గారూ, ఆవేశం నాకూ ఉంది. కానీ "హియర్ ఓన్లీ" అంటే అవతలివాడు నవ్వుతాడు, అంతే, అర్థం మాత్రం అవుతుంది. నా "విల్" వల్ల నవ్వలేదు, నేను మూడేళ్లు చేసిన పని చేయలేదనుకున్నాడు. ఈ రెండూ ఒక గాటన కట్టలేం. యాసగా మిగిలిపోయే తప్పును నేనూ మురిపెంగా ఉంచుకుంటాను. అర్థం తిరగబడే దాన్ని మాత్రం పట్టుకోవాలి.

వ్యాకరణ వైరి | మంగళవారం, రాత్రి 9:40

ఆ తేడా ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

మొఘల్‌పురా మామూ | బుధవారం, ఉదయం 10:05

ఒక చిన్న ప్రయోగం చేశాను. మా షాపులో ఐదుగురం, ముగ్గురు తెలుగువాళ్లు, ఇద్దరం ఉర్దూవాళ్లం. "అతను నాకంటే పొడుగు" అన్నది ఇంగ్లీషులో చెప్పమన్నాను. అందరూ "టాల్ దాన్ మీ" అన్నారు, "టాలర్" ఒక్కరి నోటా రాలేదు. తెలుగులో "పొడుగు" మారదు, "కంటే" పని చేస్తుంది. మాకూ అంతే, "ముఝ్‌సే లంబా". తర్వాత రోజూ ఎన్నింటికి లేస్తారో చెప్పమంటే విల్ వాడింది ముగ్గురు తెలుగువాళ్లూ, నేనూ. రెండోవాడు వాడలేదు.

కనుక నా సూత్రం ఇది: తెలుగువాళ్లు మాత్రమే చేస్తే తెలుగుది, మేము మాత్రమే చేస్తే ఉర్దూది, అందరూ చేస్తే పంతులుది. దీనికి హైదరాబాదును మించిన ఊరు లేదు.

తార్నాక తాతయ్య | బుధవారం, ఉదయం 11:30

మామూ, మీ సూత్రంలో మొదటి రెండు ముక్కలకు చేతులెత్తి దండం. మూడోది నిలవదు. "నాకంటే పొడుగు" మీరే చూపించారు కదా. అందరూ చేసినా, అది రెండు భాషలూ ఒకేలా ఉండటం వల్లనే. పంతులు పాపం నిర్దోషి.

పుట్టుక వేరైన మన దేశ భాషలు పక్కపక్కన బతికి ఒకదాని పోలిక ఒకటి తెచ్చుకున్నాయని 1956లోనే ఎమెనో అనే పండితుడు రాశాడు. తెలుగు ద్రావిడ భాష, ఉర్దూ ఆర్యభాష. కానీ మన ఊళ్లో మీ దక్కనీ వినండి. "వస్తానని చెప్పాడు" అనడానికి "ఆవుంగా బోల్కే బోల్యా" అంటారు. ఢిల్లీవాడైతే ముందు "కహా కి" అని, తర్వాత చెప్పిన మాట పెడతాడు. మీరు మాటను ముందు పెట్టి వెనక "బోల్కే" తగిలించారు. అది అచ్చంగా మా "అని".

మొఘల్‌పురా మామూ | బుధవారం, మధ్యాహ్నం 12:10

యాభై ఏళ్లుగా "బోల్కే" అంటున్నాను తాతగారూ, అందులో తెలుగు ఉందని ఈ రోజే తెలిసింది. మరి మీ "వై బికాజ్"? మా తెలుగు లెక్కల మాస్టారు ప్రతి మెట్టుకీ "వై బికాజ్" అనేవారు. "ఎందుకంటే"లో "ఎందుకు" ఉంది కనుక "వై" వచ్చిందని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే మా "క్యూంకి"లోనూ "క్యూం" ఉంది. ఇక ఎవరిని చూసి నవ్వాలి?

కొత్తపేట కోడలు | బుధవారం, మధ్యాహ్నం 3:20

మాస్టారు గారూ, మా పాప నాలుగో తరగతి. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, అప్పుడే తప్పులు పోతాయి అంటున్నారు బడివాళ్లు. నా "దే"లు, మావారి "అవర్"లు వింటూ అది ఏమి నేర్చుకుంటుంది?

అమీర్‌పేట మాస్టారు | బుధవారం, రాత్రి 10:00

అమ్మా, ఇంట్లో చక్కటి తెలుగే మాట్లాడండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో త్వరగా దారిలో పడేది తెలుగు బాగా వచ్చినవాళ్లే. "చేస్తాను"లో రెండు అర్థాలున్నాయని వాళ్లకు ఒక్కసారి చెబితే చాలు, పట్టుకుంటారు. రెండు భాషలూ సగం సగం వచ్చినవాళ్లకు ఏ భాషతో పోల్చి చెప్పాలో నాకే తెలియక తల పట్టుకుంటాను.

నిన్న గురువు గారి మాట విన్నాక బోర్డు మీద "వెళ్లాను, వెళ్లలేదు" అని రాసి, కింద ఇంగ్లీషు రాశాను. వెనక బెంచీలో కూర్చునే కుర్రాడు, డెలివరీ పని చేసుకుంటూ సాయంత్రం వస్తాడు, "సార్, లేదు వస్తే 'వెళ్లాను' పోతుంది, డిడ్ వస్తే 'వెంట్' పోతుంది, అంతేనా?" అన్నాడు. పదహారేళ్లలో నేను అంత చిన్న వాక్యంలో చెప్పలేకపోయాను.

మాదాపూర్ మైత్రి | శనివారం, ఉదయం 9:30

మూడు రోజులు కూర్చుని ఈ నెల నేను పంపిన మెయిళ్లన్నీ తిరగేశాను. మొత్తం నలభై ఒక్క "విల్"లు దొరికాయి. నిజంగా రేపటి సంగతి చెప్పినవి తొమ్మిది. మిగతా ముప్పై రెండూ నేను రోజూ చేస్తున్న పనులే.

అన్నిటికంటే బాధ కలిగించింది పోయిన ఏడాది నేను రాసుకున్న పనితీరు నివేదిక. "ఐ విల్ ట్రైన్ ద జూనియర్స్" అని రాశాను. అప్పటికే ఆరుగురికి పని నేర్పి ఉన్నాను. పైవాళ్లు దాని పక్కన "మంచి ఆలోచన, వచ్చే ఏడాది చూద్దాం" అని రాశారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ కొత్త మేనేజరుకు పేజీ మళ్లీ రాసి పంపాను, ఒక్క విల్ కూడా లేకుండా. "ఓ, ఇవన్నీ మీరే చేస్తున్నారా!" అని జవాబు వచ్చింది.

అమీర్‌పేట మాస్టారు | శనివారం, ఉదయం 9:52

మైత్రి గారూ, ఆ రెండు పేజీలూ, పాతదీ కొత్తదీ, నా క్లాసులో చూపించుకోవచ్చా?

మాదాపూర్ మైత్రి | శనివారం, ఉదయం 10:01

చూపించండి మాస్టారూ. నా పేరు, ఆఫీసు పేరు మాత్రం చెరిపేయండి. సోమవారం పంపిస్తాను. ఇది నిజమైన విల్.